రీఫ్ ట్యాంక్‌లోకి తెలియని చేప: నల్లగొండ, పాలమూరు ఇళ్ల కోసం ఒక సమగ్ర మార్గదర్శి

నల్లగొండలోనో మహబూబ్‌నగర్‌లోనో ఇంట్లో రీఫ్ ట్యాంక్ (పగడాలతో పాటు సముద్రపు చేపల్ని పెంచే ఉప్పునీటి అక్వేరియం) నడపడమంటే ఉప్పు దగ్గర్నుంచి చేప దాకా ప్రతిదీ హైదరాబాద్ నుంచి మోసుకొచ్చుకోవడమే. సుమారు వంద కిలోమీటర్ల దూరం. షాపులో నచ్చిన చేపను కవర్‌లో కట్టించుకుని ఇంటికొచ్చాక, అది మన క్లౌన్ ఫిష్‌ల తోకలు కొరుకుతోందని మర్నాడు బస్సెక్కి వెనక్కి ఇచ్చిరావడం కుదిరే పని కాదు. చాలా షాపులు తీసుకోవు కూడా. అందుకే ఇక్కడ దాదాపు సగం మాటలు చేపను కొనక ముందు చేయాల్సిన పనుల గురించే. ట్యాంక్‌లో జరిగే గొడవల్లో ఎక్కువ శాతం షాపులో డబ్బులు కట్టేటప్పుడే ఖాయమైపోతాయని నా అభిప్రాయం.

ట్యాంక్ కనీసం ఆరు నెలలుగా నిలకడగా నడుస్తూ, అందులో జత ఓసెలారిస్ క్లౌన్‌లు, ఒక రాయల్ గ్రామా, ఒక ఫైర్ ఫిష్, గోబీ, క్లీనర్ రొయ్య, కొన్ని మెత్తటి కోరల్స్ (పగడాలు), ఇలా ఒకదాని జోలికి ఒకటి పోని జీవులు ఉన్నవాళ్లను దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను. ఉదాహరణగా షాపుల్లో ‘ఎల్లో రాస్’ అని అమ్మే పసుపు చేపను మొదటి నుంచి చివరిదాకా వెంట తీసుకెళ్దాం. చూడ్డానికి చాలా సాధువు, ధర మరీ ఎక్కువ కాదు, కానీ తెలియకుండా తెస్తే ఇబ్బంది పెడుతుంది.

మొదటి మెట్టు: పేరు తేల్చుకోవడం

షాపు పేరు చేప పేరు కాదు. ఎల్లో రాస్ అన్న పేరు కింద ఒంటి నిండా పసుపుండే హాలికోయిరిస్ క్రైసస్ రావచ్చు, పైన పసుపు కింద తెలుపు ఉండే హాలికోయిరిస్ ల్యూకోజాంథస్ రావచ్చు, రాస్ కుటుంబంలో ఇంకేదైనా చేప పిల్ల కూడా రావచ్చు. మొదటి రెండూ స్వభావంలో దగ్గరివే కాబట్టి ఏది వచ్చినా ఫర్వాలేదు. మూడోదే టెన్షన్.

సముద్రపు చేపల్లో పిల్ల వేషం ఒకటి, పెద్ద వేషం ఇంకొకటి. ఎంపరర్ ఏంజెల్ పిల్ల ముదురు నీలం మీద తెల్లటి వలయాలతో ఉంటుంది. పెద్దయ్యాక పసుపు, నీలం గీతలతో వేరే చేపలా మారి అడుగు పొడవు దాటుతుంది. తెల్లటి ఒంటి మీద నల్ల చుక్కలతో డ్యాన్స్ చేస్తున్నట్టు ఈదే పాంథర్ గ్రూపర్ పిల్లను చూస్తే ఎవరికైనా ముద్దొస్తుంది. అది 70 సెంటీమీటర్ల దాకా పెరిగే వేట చేప. నోట్లో పట్టే ప్రతి చేపా దానికి ఆహారమే. నల్లటి ఒంటి మీద మూడు తెల్ల చుక్కలుండే డామినో డాంసెల్ రూపాయి బిళ్లంత సైజులో బుద్ధిమంతుడు. ఏడాది తిరిగేసరికి ట్యాంక్ మొత్తం తనదే అంటుంది.

కాబట్టి షాపులో నచ్చిన చేపను ఆ రోజే కొనకండి. పక్క నుంచి, ఎదురు నుంచి ఫోటో తీసుకోండి. ఏ దేశం సరుకో, ఎన్ని రోజులైందో అడగండి. ఇంటికొచ్చి ఫిష్‌బేస్ అనే చేపల వెబ్‌సైట్‌లో శాస్త్రీయ నామంతో సరిచూసుకోండి. పేరు ఖాయమయ్యాక తెలుసుకోవాల్సినవి ఇవి: పెద్దయ్యాక ఎంత పొడవు, ఏం తింటుంది, నోరెంత, రాత్రి ఎక్కడ పడుకుంటుంది, పైకి ఎగురుతుందా, సొంత జాతిని సహిస్తుందా, ముల్లులో విషముందా.

మన ఎల్లో రాస్‌కు ఈ ప్రశ్నలేస్తే వచ్చే జవాబులు చూడండి. పొడవు 12 సెంటీమీటర్ల దాకా. ఆహారం చిన్న చిన్న పురుగులు, నత్తలు, పీత పిల్లలు. కోరల్స్ జోలికి పోదు. రాత్రి ఇసుకలో దూరి పడుకుంటుంది, అంటే అడుగున రెండు మూడు అంగుళాల మెత్తటి ఇసుక ఉండాలి. బెదిరితే ఎగురుతుంది, అంటే పైన వల మూత ఉండాలి. అడుగున ఇసుక లేకుండా ఖాళీ గాజుతో ట్యాంక్ నడిపేవాళ్లకు ఈ చేప ఇక్కడితోనే సరి. ఇంకో చేపను వెతుక్కోవాలి.

రెండో మెట్టు: ఇంట్లో ఉన్నవాళ్లతో సరిపోల్చడం

చేపల గొడవలకు మూల కారణాలు మూడే: చోటు, తిండి, పోలిక. కొత్తగా వచ్చింది పాతదాని ఆకారంలోనో రంగులోనో ఉంటే, అదే తిండి తింటే, అదే రాయి సందులో పడుకోవాలని చూస్తే దెబ్బలు తప్పవు. రాయల్ గ్రామా ఉన్న ట్యాంక్‌లోకి అదే రంగుల్లో ఉండే బైకలర్ డాటీబ్యాక్‌ను తెస్తే రెండింట్లో ఒకటే మిగులుతుంది. సాధారణంగా మిగిలేది డాటీబ్యాకే. ఒక ఫైర్ ఫిష్ ఉన్నచోట ఇంకో ఫైర్ ఫిష్‌ను తెస్తే, జత కుదరకపోతే బలమైనది రెండోదాన్ని మూలకు తరుముతూనే ఉంటుంది.

పాత చేపల ధోరణి ఆర్టీసీ బస్సు కిటికీలోంచి తువ్వాలు వేసి సీటు ఆపుకున్నవాళ్ల ధోరణే. ముందొచ్చినవాళ్లదే సీటు. ఈ సూత్రం మనకు రెండు రకాలుగా పనికొస్తుంది: సాధువుల్ని ముందు దింపాలి, కాస్త కరుకైనవాటిని చివర దింపాలి. ఇప్పటికే డాంసెల్‌లు గానీ సిక్స్ లైన్ రాస్ గానీ ఉన్నచోట సాధు చేపను కొత్తగా చేర్చడమంటే దాన్ని బలివ్వడమే. సిక్స్ లైన్ రాస్ గురించి ఒక మాట: మూడంగుళాల చేప, అందగత్తె, ఫ్లాట్ వార్మ్‌ల్ని (ట్యాంక్‌లో చేరే చదును పురుగుల్ని) తింటుందని షాపులో గట్టిగా సిఫారసు చేస్తారు. నేనైతే శాంతమైన ట్యాంక్‌కు దాన్ని ఎప్పుడూ సూచించను. మొదటి ఏడాది బాగానే ఉంటుంది, తర్వాత వచ్చే ప్రతి కొత్త చేప మీదా పగబడుతుంది.

ఇలాంటి ట్యాంక్‌లోకి అసలు రాకూడనివి కొన్ని ఉన్నాయి. లయన్ ఫిష్ కోరల్‌ను ముట్టుకోదు, కానీ చిన్న చేపల్ని, రొయ్యల్ని మింగుతుంది. ముళ్లలో విషం కూడా ఉంది. ట్రిగర్‌లలో చాలావాటికి రొయ్యలు, నత్తలు పలహారం. హాక్ ఫిష్‌లు రొయ్యల్ని వదలవు. బటర్‌ఫ్లై చేపల్లో ఎక్కువ భాగం కోరల్ పాలిప్‌లనే తింటాయి. మరగుజ్జు ఏంజెల్‌లు ఏ చేపకు ఆ చేప వేరు: ఒకటి ఏళ్ల తరబడి కోరల్‌ను ముట్టదు, ఇంకోటి రెండో వారంలోనే మొదలెడుతుంది. నీలం రంగు హెపటస్ టాంగ్ సినిమా వల్ల పిల్లలందరికీ తెలుసు, కానీ అది అడుగు దాకా పెరిగే ఈతగత్తె. నాలుగడుగుల ట్యాంక్ దానికి జైలు.

శాంతమైనదే కానీ మనం పోషించలేని చేపలూ ఉన్నాయి. మాండరిన్ ఎవరినీ ఏమీ అనదు. రాళ్ల మీద పాకే కోపీపాడ్‌లనే చిన్న జీవుల్ని రోజంతా ఏరుకు తింటుంది. చిన్న ట్యాంక్‌లో అవి కొన్ని వారాల్లో అయిపోతాయి, చేప మెల్లగా ఎండిపోతుంది. క్లీనర్ రాస్ కథా అలాంటిదే. ఈ రెండింటినీ చవగ్గా ఇస్తామన్నా తీసుకోకండి.

ఎల్లో రాస్ ఈ పరీక్షలో పాసవుతుంది, ఒక షరతుతో. చిన్న నత్తల మీద ఆశ వదులుకోవాలి. పెద్ద క్లీనర్ రొయ్యను మామూలుగా ఏమీ చేయదు. కానీ రొయ్య పొర విడిచిన రోజు దాని ఒళ్లు మెత్తగా ఉంటుంది, ఆ ఒక్కరోజూ ఏ రాస్‌నూ పూర్తిగా నమ్మలేం.

మూడో మెట్టు: కాలం చూసుకోవడం

తీరప్రాంతాల వాళ్లు రాసిన గైడ్‌లలో ఈ మెట్టు ఉండదు. మనకు మాత్రం ఇదే ముఖ్యం. రీఫ్ ట్యాంక్ నీళ్లు 25, 26 డిగ్రీల దగ్గర ఉండాలి. మే నెలలో నల్లగొండలో బయట 44, 45 డిగ్రీలు కొడుతుంటుంది. నీళ్లు వేడెక్కిన కొద్దీ అందులో కరిగే ఆక్సిజన్ తగ్గుతుంది, చేప ఒంటికి కావాల్సిన ఆక్సిజన్ పెరుగుతుంది. పరాన్నజీవుల సంతానం కూడా వేగంగా పెరుగుతుంది. ప్రయాణంలో అలసిన చేపకు ఇవన్నీ ఒకేసారి ఎదురైతే తట్టుకోవడం కష్టం.

రోళ్లు పగిలే రోహిణి కార్తెలో కొత్త చేప వద్దు. నన్నడిగితే మార్చి దాటాక మృగశిర దాకా షాపు వైపు వెళ్లకపోవడమే మంచిది. మృగశిర రోజు ఊరంతా చేపల మార్కెట్‌లో లైన్ కడుతుంది, మీరూ అక్కడే నిలబడండి. అక్వేరియం చేపకు మాత్రం వానలు బాగా పడేదాకా ఆగండి. నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా మనకు అనువైన కాలం. అప్పుడు కూడా రాత్రుళ్లు చలికి నీళ్లు చల్లబడతాయి కాబట్టి క్వారంటైన్ తొట్టికి (కొత్త చేపను మొదట విడిగా ఉంచే తొట్టికి) హీటర్ తప్పనిసరి.

చిల్లర్ (నీళ్లను చల్లబరిచే యంత్రం) కొనే స్తోమత లేనివాళ్లకు ఒక చిన్న ఓదార్పు: మన ఎండాకాలం గాలి పొడిది. ట్యాంక్ నీటి మీదికి ఫ్యాన్ తిప్పితే ఆవిరై రెండు మూడు డిగ్రీలు తగ్గుతుంది. సముద్రం పక్కనున్న ఊళ్లలో ఉక్క వల్ల ఇంత తగ్గదు. అయితే ఆవిరయ్యేది నీళ్లే, ఉప్పు కాదు. రోజూ మంచినీళ్లు కలిపి ఉప్పదనాన్ని నిలబెట్టాలి.

నాలుగో మెట్టు: నీళ్లు

బోరు నీళ్లు వద్దు. నల్లగొండ బోర్లలో ఫ్లోరైడ్ సంగతి దేశం మొత్తానికి తెలుసు. పటిక, సున్నంతో ఫ్లోరైడ్‌ను తగ్గించే పద్ధతిని నాగ్‌పూర్‌లోని నీరి సంస్థ తయారుచేస్తే దానికి మన జిల్లా పేరే పడింది, నల్లగొండ టెక్నిక్ అని. ఆ నీళ్లు మనుషుల కోసం. ట్యాంక్‌కు అడ్డమయ్యేది ఫ్లోరైడ్ ఒక్కటే కాదు. బోరు నీళ్లలో నైట్రేట్, సిలికేట్ కలిసి నాచును పెంచి కోరల్స్‌ను నలిపేస్తాయి. మిషన్ భగీరథ నల్లా నీళ్లు మెరుగే, కానీ వాటిలో క్లోరిన్ ఉంటుంది. వీధి ప్లాంట్‌లో ఇరవై లీటర్ల క్యాన్ తెచ్చుకుంటే సరిపోతుందనుకుంటాం. టీడీఎస్ (నీళ్లలో కరిగిన లవణాల మొత్తం) మీటర్ పెట్టి చూస్తే ప్లాంట్‌ను బట్టి, రోజును బట్టి అంకె మారుతూ ఉంటుంది. ఇంట్లో ఆర్‌ఓ ఫిల్టర్ తర్వాత, మిగిలిన లవణాల్ని పట్టేసే ఒక డీఐ రెజిన్ గొట్టం తగిలించుకుని సున్నా టీడీఎస్ నీళ్లు పట్టుకోవడమే దారి.

కొత్త చేప వచ్చేనాటికి మెయిన్ ట్యాంక్ అంకెలు ఇలా ఉండాలి: సాలినిటీ (ఉప్పదనం, సాపేక్ష సాంద్రత లెక్కలో) 1.025 నుంచి 1.026, పీహెచ్ 8.0 నుంచి 8.4, అమ్మోనియా, నైట్రైట్ సున్నా, నైట్రేట్ 10 పీపీఎం అటూ ఇటూ, ఆల్కలినిటీ (పీహెచ్‌ను నిలకడగా ఉంచే క్షారత) 8 నుంచి 9 డీకేహెచ్. ఉప్పదనం కొలిచే రిఫ్రాక్టోమీటర్‌ను 35 పీపీటీ (వెయ్యికి 35 పాళ్లు) ప్రామాణిక ద్రావణంతో సరిచేసుకోండి. ఆ పని చేయకపోతే మిగతా అంకెలేవీ నమ్మడానికి లేదు.

ఐదో మెట్టు: క్వారంటైన్ తొట్టి

చేప కొనడానికి కనీసం మూడు వారాల ముందే మెయిన్ ట్యాంక్ సంప్‌లో (కింద ఫిల్టర్లుండే తొట్టిలో) ఒక స్పాంజ్ ఫిల్టర్ పడేసి ఉంచండి. అమ్మోనియాను తినే బాక్టీరియా దాని మీద పెరుగుతుంది. రెండడుగుల గాజు తొట్టి, అంటే అరవై డెబ్బై లీటర్లు, చాలు. అందులో ఆ స్పాంజ్, ఎయిర్ పంప్, హీటర్, థర్మామీటర్, దాక్కోవడానికి పీవీసీ పైపు ముక్కలు, పైన వల మూత. లైవ్ రాక్ (బాక్టీరియా పట్టిన పగడపు రాయి) పెట్టొద్దు. మందు వేయాల్సి వస్తే రాయి కాపర్‌ను (పరాన్నజీవుల్ని చంపే రాగి మందును) పీల్చేసుకుంటుంది.

ఎల్లో రాస్‌కు మాత్రం ఇసుక కావాలి కదా. ఒక గాజు గిన్నెలో మూడంగుళాల సన్నటి సిలికా ఇసుక పోసి తొట్టి అడుగున పెట్టండి. పగడపు ఇసుక కాపర్‌ను లాక్కుంటుంది, సిలికా అంతగా లాక్కోదు. పని అయ్యాక గిన్నె ఎత్తేస్తే ఇసుకా వస్తుంది, చేపా వస్తుంది. వలతో వెంటపడక్కర్లేదు.

కరెంట్ సంగతి ఇప్పుడే ఆలోచించుకోండి. స్పాంజ్ ఫిల్టర్‌ను నడిపే ఎయిర్ పంప్ తినేది కొద్ది వాట్లే. ఇంటి ఇన్వర్టర్ మీద గంటల తరబడి నడుస్తుంది. బ్యాటరీతో నడిచే చిన్న పంప్ ఒకటి అదనంగా ఉంటే గాలివాన రాత్రి నిద్ర పడుతుంది.

ఆరో మెట్టు: షాపులో

చేప మీకోసం ఎదురు చూస్తున్నట్టు గాజు దగ్గరికి వచ్చిందా లేదా అన్నది లెక్క కాదు. అది తింటుందా అన్నదే లెక్క. మీ ఎదురుగా మేత వేయమనండి. ఆర్టీమియా గానీ మైసిస్ గానీ (రెండూ చిన్న రొయ్యల్లాంటి మేతలు) నోట్లోకి తీసుకుని మింగాలి. ఉమ్మేస్తే తిన్నట్టు కాదు. పెల్లెట్ (గుళికల మేత) తింటే ఇంకా మంచిది. తల వెనక, పొట్ట కింద లోతు పడి ఉంటే అది చాలా రోజులుగా ఆకలితో ఉంది. మొప్పలు వేగంగా ఆడుతుంటే, ఒకే వైపు మొప్ప కదులుతుంటే, రెక్కలు ముడుచుకుని ఉంటే, కంట్లో మబ్బు ఉంటే వద్దు. అదే తొట్టిలోని మిగతా చేపల్ని కూడా చూడండి. ఒకదాని మీద పొడి చల్లినట్టుంటే ఆ తొట్టిలో దేన్నీ కొనకండి. అన్ని తొట్లకీ ఒకే ఫిల్టర్ వ్యవస్థ ఉంటే ఆ వారం ఆ షాపులోనే కొనకండి.

అప్పుడే వచ్చిన చేపను అడ్వాన్స్ ఇచ్చి వారం పది రోజులు షాపులోనే ఉంచమనడం మంచి పద్ధతి. పేరున్న షాపులు ఒప్పుకుంటాయి. సాలినిటీ ఎంతలో ఉంచుతున్నారో అడిగి రాసుకోండి. పరాన్నజీవులు అదుపులో ఉంటాయని చాలాచోట్ల 1.018, 1.020 దగ్గర ఉంచుతారు.

చట్టం గురించి కూడా రెండు మాటలు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద గట్టి కోరల్స్, సీ ఫ్యాన్‌లు, సముద్రగుర్రాలు, సముద్రదోసకాయలు రక్షణ పొందిన జీవులు. సముద్రగుర్రం ఉందని ఎవరైనా పక్కకు పిలిస్తే తలూపకండి. క్లౌన్ ఫిష్ కావాలంటే తొట్లలో పుట్టినవే అడగండి. తమిళనాడు మండపంలో ఉన్న కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ ప్రాంతీయ కేంద్రం లాంటిచోట్ల వాటి సంతానోత్పత్తి పద్ధతులు ఎప్పుడో కుదిరాయి. అలాంటివి మేత కూడా సులభంగా తింటాయి.

ఏడో మెట్టు: కవర్ నుంచి తొట్టిలోకి

తెల్లవారుజామునే బయల్దేరి వెళ్లి, ఎండెక్కక ముందే నార్కట్‌పల్లి దగ్గరో జడ్చర్ల దగ్గరో ఉండేలా చూసుకోండి. రెండు కవర్లు, మూడింట రెండు వంతులు ఆక్సిజన్, థర్మాకోల్ డబ్బా, దాని మీద మూత. డబ్బాను సీటు కింద పెట్టండి, ఇంజన్ వేడి తగిలే చోట కాదు. మధ్యలో ఆగి మూత తీసి పిల్లలకు చూపించొద్దు. చీకట్లో ఉన్నంతసేపే చేప నిదానంగా ఉంటుంది.

ఇంటికొచ్చాక ఏం చేయాలన్నది చేప కవర్‌లో ఎంతసేపు ఉందన్నదాన్ని బట్టి మారుతుంది. చాలామంది తప్పు చేసేది ఇక్కడే. కవర్‌లో చేప వదిలే బొగ్గుపులుసు గాలి వల్ల పీహెచ్ పడిపోతుంది. పీహెచ్ తక్కువగా ఉన్నప్పుడు అమ్మోనియా ఎక్కువ భాగం హాని తక్కువ ఉండే అమ్మోనియం రూపంలో ఉంటుంది. కవర్ విప్పగానే ఆ గాలి పోతుంది, పీహెచ్ లేస్తుంది, అదే అమ్మోనియా విషమవుతుంది. అందుకే ముంబై నుంచో చెన్నై నుంచో రాత్రంతా పార్సిల్‌లో వచ్చిన చేపను గంటసేపు డ్రిప్ పెట్టడమంటే, అంటే కవర్ నీళ్లలోకి తొట్టి నీళ్లను చుక్కచుక్కగా కలపడమంటే, దాన్ని విషంలో నానబెట్టడమే.

దూరం నుంచి వచ్చిన పార్సిల్ అయితే: క్వారంటైన్ తొట్టి సాలినిటీని షాపు చెప్పిన అంకెకు ముందే తెచ్చి పెట్టుకోండి. మూసిన కవర్‌ను ఇరవై నిమిషాలు నీళ్ల మీద తేలించండి. విప్పి, నీటిని కొలిచి, తేడా 0.002 లోపు ఉంటే వెంటనే చేపను తొట్టిలోకి మార్చేయండి. ఆ తర్వాత రోజుకు 0.001, మహా అయితే 0.002 చొప్పున పెంచుకుంటూ 1.025కు తీసుకెళ్లండి.

హైదరాబాద్ నుంచి రెండు మూడు గంటల్లో మీరే తెచ్చుకున్న చేప అయితే: ఇరవై నిమిషాలు తేలించి, బకెట్‌లోకి మార్చి, సెలైన్ గొట్టానికి ముడి వేసి సెకనుకు రెండు మూడు చుక్కల చొప్పున ముప్పావు గంట డ్రిప్ సరిపోతుంది. బకెట్‌లో ఎయిర్ స్టోన్ వేయండి. ఏ పద్ధతిలోనైనా కవర్ నీళ్లు మాత్రం తొట్టిలో పడకూడదు, మురుగులోకే.

మొదటి రాత్రి లైట్ వేయొద్దు. ఎల్లో రాస్ తొట్టిలో పడగానే ఇసుక గిన్నెలో దూరి, ఒక్కోసారి రెండు మూడు రోజులు కనబడదు. చచ్చిపోయిందేమోనని ఇసుక తవ్వకండి. దాని ఒంటి గడియారం ఇంకా పుట్టిన సముద్రం టైంలోనే ఉంటుంది. మెల్లగా మన పగటికి అలవాటు పడుతుంది.

ఎనిమిదో మెట్టు: నాలుగు నుంచి ఆరు వారాలు

ఈ మెట్టును ఎగ్గొట్టాలని ప్రతి ఒక్కరికీ అనిపిస్తుంది. ఎగ్గొడితే ఏమవుతుందో తెలిస్తే అనిపించదు. వైట్ స్పాట్ తెచ్చే క్రిప్టోకారియన్ చేప ఒంటి మీద తెల్లటి చుక్కగా కనిపించేది కొద్ది రోజులే. తర్వాత రాలిపోయి రాళ్ల మీద, ఇసుక మీద గుళ్లలా అంటుకుంటుంది. ఆ గుళ్లలోంచి వందలకొద్దీ పిల్లలు ఈదుకుంటూ వచ్చి మళ్లీ చేపల్ని పట్టుకుంటాయి. కొన్ని గుళ్లు పగలడానికి వారాలు పడుతుంది. అందుకే అది ఒకసారి మెయిన్ ట్యాంక్‌లోకి వస్తే చేపలన్నింటినీ బయటికి తీసి, ట్యాంక్‌ను 76 రోజులు చేపలు లేకుండా ఉంచడమే అనుభవజ్ఞులు పాటించే పద్ధతి. వెల్వెట్ తెచ్చే అమిలోడినియం ఇంకా తొందరది. ఒంటి మీద బంగారు పొడి చల్లినట్టు కనబడిన రెండు మూడు రోజుల్లోనే ట్యాంక్ ఖాళీ అయిన సందర్భాలు చాలామందికి తెలుసు.

మొదటి వారం మందులు వద్దు, తిండి మీదే శ్రద్ధ. రోజుకు మూడుసార్లు కొద్దికొద్దిగా వేసి, మిగిలింది తీసేయండి. అమ్మోనియా రోజూ చూడండి. కనిపిస్తే పావు వంతు నీళ్లు మార్చండి. చేప తినడం మొదలెట్టాక రెండు దారులున్నాయి. ఒకటి, మందు లేకుండా ఆరు వారాలు గమనించడం. రెండోది, ముందుజాగ్రత్తగా కాపర్ చికిత్స. కాపర్ మోతాదు రకాన్ని బట్టి మారుతుంది: అమీన్‌తో కట్టిన రకానికి 0.5 పీపీఎం దగ్గర, కీలేట్ చేసిన రకానికి 2 పీపీఎం పైన. మీ సీసా మీద ఏముంటే అదే ప్రమాణం. ఒకేసారి పోయకుండా కొన్ని రోజుల మీద పెంచి, కాపర్ టెస్ట్ కిట్‌తో కొలుస్తూ, పూర్తి మోతాదులో 30 రోజులు నిలపాలి. కాపర్ ఉన్న నీళ్లలో అమ్మోనియాను కట్టేసే కండిషనర్లు కలపకండి, రెండూ పొసగవు. రాస్‌లు కాపర్‌కు కాస్త సున్నితం కాబట్టి తిండి మానేస్తే మోతాదు పెంచడం ఆపి చూడండి.

కాపర్ అంటే భయమున్నవాళ్లకు తొట్టి మార్పిడి పద్ధతి ఉంది: ప్రతి 72 గంటలకొకసారి, నాలుగుసార్లు, పూర్తిగా కడిగి ఆరబెట్టిన మరో తొట్టిలోకి చేపను మార్చడం. పరాన్నజీవి రాలి గుళ్లు పెట్టేలోపు చేప అక్కడ ఉండదు. వైట్ స్పాట్‌కు ఇది బాగా పనిచేస్తుంది, వెల్వెట్‌కు పనిచేయదు. రాస్ అయితే ఇసుక గిన్నె కూడా ప్రతిసారీ కొత్తదే కావాలి.

ఒంటి మీద పట్టుకునే ఫ్లూక్‌లనే పురుగులకు ప్రాజిక్వాంటెల్ మందు, వారం తేడాతో రెండు మోతాదులు. మెయిన్ ట్యాంక్‌లో మాత్రం కాపర్ ఒక్క చుక్క కూడా వేయకూడదు. రొయ్యలు, నత్తలు, కోరల్స్ చస్తాయి. రీఫ్‌కు హాని లేని వైట్ స్పాట్ మందు అని అమ్మే సీసాల మీద నాకు నమ్మకం లేదు. వెల్లుల్లి రసం కూడా అంతే: మేతకు వాసన పట్టించి ఆకలి పుట్టిస్తే పుట్టించవచ్చు, జబ్బు నయం చేస్తుందన్నది వట్టి మాట. క్వారంటైన్ వల, బకెట్, గొట్టం వేరేగా ఉంచండి. తడి చేతితో ఆ తొట్టి నుంచి ఈ ట్యాంక్‌కు రావొద్దు.

తొమ్మిదో మెట్టు: పాతవాళ్లకు పరిచయం

ఇప్పుడు చేప ఆరోగ్యంగా ఉంది, పెల్లెట్లు తింటోంది, మిమ్మల్ని గుర్తుపట్టి గాజు దగ్గరికి వస్తోంది. సరాసరి ట్యాంక్‌లో వదిలేయాలనిపిస్తుంది. ఇంకో నాలుగైదు రోజులు ఓపిక పట్టండి.

చిల్లులున్న యాక్రిలిక్ పెట్టె ఒకటి కావాలి. హైదరాబాద్‌లో రెడీమేడ్‌గా దొరుకుతుంది. లేకపోతే నేమ్ బోర్డులు చేసే షాపులో యాక్రిలిక్ ముక్కలు కోయించి, డ్రిల్‌తో చిల్లులు పెట్టించుకోవచ్చు. అదీ కుదరకపోతే బియ్యం కడిగే చిల్లుల ప్లాస్టిక్ బుట్ట, కొత్తది, సబ్బు తగలనిది. దాన్ని ట్యాంక్ లోపల పైభాగంలో వేలాడదీసి కొత్త చేపను అందులో ఉంచండి. రాస్ అయితే పెట్టెలో చిన్న ఇసుక గిన్నె. పాతవి వచ్చి చూస్తాయి, రెక్కలు విప్పి బెదిరిస్తాయి, చిల్లుల మీద ముక్కు కొడతాయి, తర్వాత విసుగొచ్చి వెళ్లిపోతాయి. ఆ విసుగు కోసమే మనం ఆగేది. పెట్టెలోని చేపకూ బయటి చేపలకూ ఒకేసారి మేత వేయండి.

రెండు మూడు రోజులయ్యాక కూడా ఏదో ఒక చేప రోజంతా పెట్టె దగ్గరే కాపు కాస్తుంటే దాన్ని గుర్తుపెట్టుకోండి. రాయల్ గ్రామా తన గుహ ముందు నోరు తెరిచి బెదిరించడం మామూలే. రోజంతా పెట్టె మీద దాడి చేయడం మామూలు కాదు. అప్పుడు పాత్రలు మార్చండి: దాడి చేసేదాన్ని పెట్టెలో పెట్టి, కొత్తదాన్ని ట్యాంక్‌లో వదలండి. మూడు నాలుగు రోజుల తర్వాత బయటికొచ్చేసరికి పాతది కొత్తదైపోతుంది.

వదిలే రోజు చేయాల్సినవి: సాయంత్రం పాత చేపలకు కడుపు నిండా పెట్టి లైట్లు ఆర్పండి. కోరల్స్ అంటించని రాళ్లు ఒకటి రెండు అటూ ఇటూ జరపండి. సరిహద్దులు మారితే అందరూ కొత్తగా చోటు వెతుక్కునే పనిలో పడతారు. కోరల్స్ నిండిన రాళ్ల జోలికి పోవద్దు, ఒక చేప కోసం ఏడాది పెంపకం పాడుచేసుకోకూడదు. అరగంట తర్వాత చీకట్లో పెట్టెను వంచి చేపను దానంతటదే బయటికి రానివ్వండి. మర్నాడు ఉదయం లైట్లు మామూలు కంటే ఆలస్యంగా, తక్కువ వెలుగుతో వేయండి. ఏదైనా చేప మరీ వెంటపడుతుంటే పక్క గాజుకు బయట ఒక అద్దం ఆనించండి. అది తన నీడతో కొట్లాడుకుంటుంది, కొత్తదానికి గంట రెండు గంటలు ఊపిరాడుతుంది.

వల మూత ఆ రాత్రి నుంచే ఉండాలి. వైర్లు వెళ్లే మూల దగ్గర రెండంగుళాల సందు వదిలేసి మిగతాదంతా మూసినవాళ్లకు రాస్, ఫైర్ ఫిష్ ఆ సందులోంచే నేల మీద దొరుకుతాయి.

పదో మెట్టు: మొదటి వారం

కాసేపు తరమడం, రెక్కలు విప్పడం, రంగు ముదరడం, ఇవి సహజం. రెండో రోజుకు తగ్గుతాయి, వారంలో పోతాయి. ఆందోళన పడాల్సినవి వేరు: కొత్త చేప పైమూలలో నీటి మట్టం దగ్గర ఇరుక్కుని కిందికి రాకపోవడం, రెక్కలు చిరగడం, పొలుసులు ఊడిన తెల్లటి మచ్చలు, మేత వేసినా బయటికి రాకపోవడం. వీటిలో ఏ రెండు కలిసి కనబడినా రేపటిదాకా ఆగొద్దు. ట్యాంక్‌కు రెండు చివర్లా ఒకేసారి మేత వేసి చూడండి. తిండి దగ్గర గొడవైతే దీంతోనే సద్దుమణుగుతుంది. చోటు దగ్గర గొడవైతే సద్దుమణగదు.

బయటికి తీయాల్సి వస్తే వలతో వెంటపడి రాళ్లు కూల్చకండి. రెండు లీటర్ల ప్లాస్టిక్ బాటిల్ మెడ కోసి, తిరగేసి లోపలికి దూర్చితే మంచి ఉచ్చు అవుతుంది. చేపలకు ఒక పూట మేత మానేసి, బాటిల్‌లో మైసిస్ వేసి రాళ్ల పక్కన పడుకోబెట్టండి. రాస్‌ను పట్టడానికి ఇంకా తేలిక దారి, రాత్రి అది ఇసుకలో ఎక్కడ దూరుతుందో చూసిపెట్టుకుని, లైట్లు ఆరాక ఆ ఇసుకతో సహా గిన్నెతో ఎత్తేయడం.

పట్టినదాన్ని క్వారంటైన్ తొట్టిలోనే ఉంచి, సరిపోయే ట్యాంక్ ఉన్నవాళ్లకు అప్పగించండి. కాబట్టి ఆ తొట్టిని వెంటనే విప్పేయకండి, కొత్త చేప స్థిరపడే నెల రోజులూ నడుస్తూనే ఉండాలి. అంతా కుదిరితే తర్వాతి చేపకు కనీసం నాలుగు వారాలు విరామం ఇవ్వండి. కొత్త ప్రాణి వదిలే వ్యర్థాలకు తగ్గట్టు బాక్టీరియా పెరగాలి. ఆ నాలుగు వారాలూ నైట్రేట్, ఫాస్ఫేట్ అంకెలు వారానికోసారి రాసుకోండి. నైట్రేట్ ఎక్కడమే తప్ప దిగకపోతే మీ స్కిమ్మర్‌కు (వ్యర్థాలను నురగగా తీసేసే పరికరానికి) ఇప్పుడున్న చేపలే ఎక్కువని అర్థం.